పాలగడ్డ అనే మాట వెనుక

ఈ వారం సంగతి ఆడవాళ్ళది, కానీ మగవాళ్ళు కూడా చదవాలి.

బాలింత రొమ్ములో గడ్డ తగిలితే మన ఇళ్ళల్లో "పాలు గడ్డ కట్టాయి" అంటాం. నేను చదివింది తమిళ బడి, అక్కడివాళ్ళు "పాల్ కట్టు" అంటారు. మాటలాగే వైద్యమూ ఒకటే. వేడి కాపడం, పిండి తీయడం, పాలు ఆగాలంటే మల్లెపూలు కట్టడం. మల్లెపూలని నవ్వకండి. వెల్లూరు సీఎంసీ వైద్యులు 1988లో వాటిని బ్రోమోక్రిప్టిన్ మాత్రతో పోల్చి చూసి, పూలు కూడా పాలు తగ్గిస్తాయని రాశారు.

ఎక్కువసార్లు అది పాలగడ్డే. కొందరికి లాక్టేటింగ్ అడినోమా అనే మంచి గడ్డ వస్తుంది, బిడ్డ పాలు మానాక చాలావరకు అదే కరుగుతుంది. అరుదైనది ఫిల్లోడ్స్. కోసి చూస్తే ఆకుల మడతల్లా ఉంటుందని 1838లో జర్మనీ వైద్యుడు యోహానెస్ ముల్లర్ ఆ పేరు పెట్టాడు. అది గబగబా పెరుగుతుంది. ఇక క్యాన్సర్, సుమారు 3,000 గర్భాలకు ఒకటి.

ఆ ఒక్కరి చరిత్రే బాధాకరం. 1943లో న్యూయార్కులో హాగెన్‌సెన్, స్టౌట్ అనే పెద్ద వైద్యులు, గర్భంలోగానీ పాలిచ్చేటప్పుడుగానీ వచ్చిన రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయకూడదని నియమం రాశారు. చేసినా బతకరని వాళ్ళ లెక్క. అసలు సంగతి, అలాంటి తల్లులు వచ్చేదే ఆలస్యంగా. పాలతో నిండిన రొమ్ములో గడ్డ దాక్కుంటుంది, చుట్టూ అందరూ పాలే అంటారు. న్యూయార్కు అయినా అనంతపురం అయినా అంతే! తర్వాత హాగెన్‌సెన్ తానే ఆ నియమం వదులుకున్నారు. 1999లో హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ వైద్యులు, 24 మంది గర్భిణులకు మూడో నెల దాటాక కీమో ఇచ్చిన అనుభవం ప్రచురించారు. గర్భం తీసేయకుండానే వైద్యం కుదిరింది.

మన హోసూరు రోడ్డులో కిద్వాయి ఆసుపత్రి 1973లో మొదలైంది. అనంతపురం, చిత్తూరు వైపునుంచి మనవాళ్ళూ అక్కడికే వస్తారు. 1982 నుంచి బెంగళూరు క్యాన్సర్ కేసులకు అక్కడ రిజిస్టరు ఉంది. రైల్వేలో రిజిస్టర్లు రాసి బతికినవాణ్ణి, ఆ పని ఎంత ఓపికో నాకు తెలుసు.

రెండు వారాల్లో కరగని గడ్డను డాక్టరుకు చూపించాలి. అల్ట్రాసౌండు కడుపులో బిడ్డకు హాని చేయదు. ఆ స్కానింగుకుగానీ, సూదితో ముక్క తీసే పరీక్షకుగానీ పాలు మాన్పించనక్కర్లేదు.