ఈ కంప్యూటర్ ఎవరిది?

అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువులు ఎక్కువగా ఆగస్టు చివర్లో మొదలవుతాయి. 1990ల చివరి సంవత్సరాల్లో ఆ వారం వచ్చిందంటే కంప్యూటర్ సెంటర్ సిబ్బందికి ఊపిరాడేది కాదు. హాస్టళ్లలో దిగిన పిల్లలంతా ఒకేసారి తమ కంప్యూటర్లకు గోడ సాకెట్ నుంచి కేబుల్ తగిలించేవారు. తగిలించినంత మాత్రాన నెట్ వచ్చేది కాదు. నెట్‌వర్క్ కార్డుకు తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్యను, అంటే మ్యాక్ అడ్రస్‌ను, వెతికి పట్టుకుని, దానికి పేరు జోడించి కంప్యూటర్ సెంటర్‌కు ఇవ్వాలి. అక్కడ ఎవరో ఒకరు కూర్చుని దాన్ని సర్వర్‌లోకి ఎక్కించాలి. ఒక్క అక్షరం తప్పు పడితే కథ మళ్లీ మొదటికే.

ఆ అడ్రస్ పుట్టుక వెనక మన దేశం వాడొకడున్నాడు. కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో 1973 మే 22న బాబ్ మెట్‌కాఫ్ రాసిన మెమోతో, కంప్యూటర్లను కేబుల్‌తో కలిపే ఈథర్‌నెట్ మొదలైంది. అప్పట్లో యంత్రం గుర్తింపుకు 8 బిట్లే. అంటే ఒక నెట్‌వర్క్‌లో 256 సంఖ్యలకు మించి లేవు. ప్రపంచంలోని ఏ యంత్రానికీ మరో యంత్రం సంఖ్య రాకూడదంటే 48 బిట్లుండాలని వాదిస్తూ ఐఐటీ బొంబాయిలో చదివిన యోగెన్ దలాల్, రాబర్ట్ ప్రింటిస్‌తో కలిసి 1981లో పత్రం రాశారు. మ్యాక్ అడ్రస్‌లో కనిపించే పన్నెండు అంకెలూ అక్షరాలూ ఆ 48 బిట్లే. సంఖ్య యంత్రానిది, మనిషిది కాదు. సంఖ్యకూ మనిషికీ ముడి వేసే పని విశ్వవిద్యాలయాల నెత్తిన పడింది.

మొదట్లో ఈ రిజిస్ట్రేషన్ వెనక నిఘా ఏమీ లేదు. నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌కు ఇచ్చే చిరునామా ఐపీ అడ్రస్. రెండు కంప్యూటర్లు ఒకే ఐపీ అడ్రస్ పెట్టుకుంటే రెండూ తడబడతాయి కాబట్టి ఎవరికి ఏది ఇచ్చామో రాసుకునేవారు, అంతే. ఆ పంపకాన్ని సర్వరే చూసుకునే డీహెచ్‌సీపీ పద్ధతిని పెన్సిల్వేనియాలోని బక్‌నెల్ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు రాల్ఫ్ డ్రోమ్స్ 1993లో ప్రమాణంగా రాశారు. అడ్రస్ ఇవ్వడం తేలికైంది. అది తీసుకున్నవాళ్లెవరో మాత్రం తెలియకుండా పోయింది.

దానికి జవాబు టెక్సస్‌లోని చిన్న విద్యాసంస్థ సౌత్‌వెస్ట్రన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. పీటర్ వాలియన్, టాడ్ వాట్సన్ 1999లో ‘నెట్‌రెగ్’ను లోకానికి చూపించారు. చాలా తెలివైన కిటుకది. కొత్త యంత్రం రాగానే సర్వర్ దానికి తాత్కాలిక అడ్రస్ ఇస్తుంది. విద్యార్థి ఏ సైటు పేరు కొట్టినా, ఆ సైటు నేనేనంటూ నెట్‌రెగ్ సర్వరే పలుకుతుంది. వచ్చే పేజీ ఒక్కటే, రిజిస్ట్రేషన్ పేజీ. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొడితే మ్యాక్ అడ్రస్ దానంతటదే ఖాతాలోకి ఎక్కుతుంది. కంప్యూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేస్తే అసలు నెట్ వస్తుంది. కౌంటర్ ముందు క్యూతో పని లేదు. ఈ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా ఇవ్వడంతో ఇతర క్యాంపస్‌లూ తీసుకున్నాయి.

అదే ఏడాది, పాటల ఫైళ్లను ఒకరికొకరు పంచుకునే నాప్‌స్టర్ పుట్టింది. హాస్టల్ గదుల నుంచి పాటలు ప్రవాహంలా పారాయి. సంగీత కంపెనీల నుంచి ఫిర్యాదులు రావడం మొదలయ్యాక, ఫలానా వేళ ఫలానా ఐపీ అడ్రస్ ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నకు జవాబు ఆ రిజిస్ట్రేషన్ ఖాతాలోనే దొరికేది. సిబ్బంది శ్రమ తగ్గించడానికి పెట్టిన పుస్తకం సాక్ష్యాల పుస్తకమైంది. 2003 ఆగస్టులో, సరిగ్గా పిల్లలు హాస్టళ్లకు చేరే వేళ, బ్లాస్టర్ అనే కంప్యూటర్ వర్మ్ విరుచుకుపడింది. దాంతో విండోస్ లోపాన్ని సరిచేసుకుంటే తప్ప రిజిస్ట్రేషన్ లేదన్న షరతూ వచ్చి చేరింది.

ఇంత కట్టుదిట్టానికీ పునాది మాత్రం బలహీనమైనదే. మ్యాక్ అడ్రస్‌ను సాఫ్ట్‌వేర్‌తో మార్చేయొచ్చు. 2010లో ఎమ్‌ఐటీ క్యాంపస్‌లో ప్రోగ్రామర్, కార్యకర్త ఆరన్ స్వార్ట్జ్ తన ల్యాప్‌టాప్‌ను ‘గ్యారీ హోస్ట్’ అనే లేని అతిథి పేరుతో నమోదు చేసి, పరిశోధన పత్రికల డిజిటల్ గ్రంథాలయం జేస్టోర్ నుంచి వ్యాసాలను కుప్పలుగా దించుకున్నాడని నేరారోపణ పత్రం చెప్పింది. ఎమ్‌ఐటీ ఆ మ్యాక్ అడ్రస్‌ను ఆపేస్తే అతను దాన్ని మార్చాడు. చివరికి రిజిస్ట్రేషన్ గొడవే లేకుండా, 16వ నంబరు భవనం నేలమాళిగలోని వైరింగ్ గదిలో నేరుగా కేబుల్ తగిలించి, తనకు తానే ఐపీ అడ్రస్ ఇచ్చుకున్నాడు. 2011 జనవరిలో అరెస్టయ్యాడు. కేసు విచారణకు రాకముందే, 2013 జనవరి 11న, 26 ఏళ్ల వయసులో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ కేసులో ప్రభుత్వం చూపిన కాఠిన్యం మీద వాదోపవాదాలు ఇంకా ఆగలేదు.

ఇప్పుడు యంత్రాన్ని కాక మనిషినే యూజర్‌నేమ్‌తో పోల్చుకునే ఎడ్యురోమ్ లాంటి వైఫై పద్ధతులు వచ్చాయి. ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో మ్యాక్ అడ్రస్ చూపిస్తున్నాయి కూడా. అయినా పాత రిజిస్ట్రేషన్ పద్ధతి పూర్తిగా పోలేదు. లాగిన్ పేజీ తెరవలేని ప్రింటర్‌కో, ప్రయోగశాల పరికరానికో, గేమ్ కన్సోల్‌కో కేబుల్ తగిలించాలంటే, చాలా క్యాంపస్‌లలో నేటికీ ఆ పన్నెండు అక్షరాలను చేత్తో కొట్టాల్సిందే.