కోనేరు హంపి: అర పాయింట్ల ప్రయాణం

కోనేరు హంపి (జననం: 1987 మార్చి 31, గుడివాడ) గ్రాండ్‌మాస్టర్ హోదా పొందిన తొలి భారతీయ మహిళ. మహిళల ప్రపంచ ర్యాపిడ్ చదరంగ టైటిల్‌ను 2019లోనూ, 2024లోనూ గెలుచుకుంది. ఆమె పేరు వినని తెలుగువారు అరుదు. ఏ టోర్నమెంటులో ఎవరితో తలపడి, ఏ రౌండులో ఏం పోగొట్టుకుని ఏం సంపాదించుకుందో చెప్పగలిగేవారూ అంతే అరుదు. చదరంగంలో బౌండరీలు, సిక్సర్లు ఉండవు కాబట్టి పత్రికలకు చివరి ఫలితం ఒక్కటే అందుతుంది. ఆ ఫలితం చాలాసార్లు అర పాయింటు మీద ఆధారపడింది.

గుడివాడ, తండ్రి, పేరు

గుడివాడ కృష్ణా డెల్టాలో వరిచేల నడుమ ఉన్న పట్టణం. దక్షిణాన పామర్రు, పడమటి వైపు పామిడిముక్కల, ఉయ్యూరు, సముద్రం దిక్కున బందరు. అరుగుల మీద పులిజూదం ఆడుకున్న పల్లెలివి. గడియారం నొక్కుతూ, ఎత్తులు కాగితం మీద రాసుకుంటూ ఆడే పోటీ చదరంగం ఇక్కడికి చదువుకున్న ఇళ్ల ద్వారా వచ్చింది. హంపి తండ్రి కోనేరు అశోక్ రసాయనశాస్త్రం బోధించే అధ్యాపకుడు, రాష్ట్రస్థాయి చదరంగ క్రీడాకారుడు. ఆయన ఆడుతుంటే పక్కన కూర్చున్న ఐదారేళ్ల కూతురు సరైన ఎత్తులు చెబుతుండడం గమనించి ఆమెకు ఆట నేర్పడం మొదలుపెట్టారు. తర్వాత ఉద్యోగం వదిలేసి పూర్తిగా శిక్షకుడైపోయారు. పిల్ల ఆడే ఆట మీద ఒక అధ్యాపకుడు జీతాన్ని పణంగా పెట్టడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు.

పేరు వెనకా ఆయన ఆశే ఉంది. ‘చాంపియన్’ అనే మాటలోంచి హంపి అని పెట్టారు. విజయనగర రాజధానికీ ఈ పేరుకీ సంబంధం లేదు. రష్యన్ పేరులా కనిపించాలని ఆంగ్ల అక్షరక్రమాన్ని తర్వాత కాస్త మార్చారు. చదరంగమంటే రష్యాయే అనుకున్న తరం అది.

బాలల పోటీలు

ప్రపంచ యువ చదరంగ పోటీల్లో హంపి మూడు స్వర్ణాలు గెలిచింది: 1997లో పదేళ్లలోపు, 1998లో పన్నెండేళ్లలోపు, 2000లో పద్నాలుగేళ్లలోపు బాలికల విభాగాల్లో. వీటికన్నా చెప్పుకోదగ్గది 1999లో అహ్మదాబాద్‌లో జరిగిన ఆసియా యువ పోటీ. అక్కడ పన్నెండేళ్లలోపు విభాగంలో బాలురతో కలిసి ఆడి మొదటి స్థానం కొట్టింది. బాలికల పోటీకే పరిమితం కాకూడదన్న పట్టుదల అప్పటినుంచీ కనిపిస్తుంది. 2004లో కొచ్చిలో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీలోనూ బాలికల విభాగం వదిలి ఓపెన్ విభాగంలో దిగింది. 13 రౌండ్లలో 8.5 పాయింట్లు తెచ్చుకుని ఐదో స్థానాన్ని పంచుకున్నవారిలో నిలిచింది. ఆ టైటిల్ గెలిచినవాడు గుంటూరు కుర్రాడు పెంటేల హరికృష్ణ. కృష్ణా నదికి అటు ఒకరు, ఇటు ఒకరు. ఇద్దరి వయసుకూ ఏడాది లోపే తేడా.

అంతకుముందే 2001లో ఏథెన్స్‌లో ప్రపంచ జూనియర్ బాలికల టైటిల్ గెలిచింది. మరుసటి ఏడాది గోవాలో చైనాకు చెందిన ఝావో జుయెతో సమానంగా నిలిచినా టైబ్రేక్ లెక్కలో రెండో స్థానానికి జారింది. పాయింట్లు సమానమైనా కిరీటం పక్కవారికి పోవడం ఆ తర్వాత చాలాసార్లు జరిగింది. బ్రిటిష్ మహిళల టైటిల్ 2000లోనూ, 2002లోనూ ఆమెదే. కామన్వెల్త్ దేశాలవారికి ఆ పోటీ తెరిచి ఉండేది.

బుడాపెస్ట్, 2002

గ్రాండ్‌మాస్టర్ హోదాకు రెండు కావాలి: 2500 రేటింగ్, నిర్ణీత స్థాయి పోటీల్లో మూడు నార్మ్‌లు, అంటే గ్రాండ్‌మాస్టర్ స్థాయి ఆట చూపితే దక్కే గుర్తింపులు. 2002 మే నెలలో బుడాపెస్ట్‌లో జరిగిన ఎలెకెష్ స్మారక టోర్నమెంటులో హంపికి చివరి నార్మ్ దక్కింది. అప్పటికి వయసు 15 సంవత్సరాల 1 నెల 27 రోజులు. అంతవరకూ అతి చిన్న వయసులో గ్రాండ్‌మాస్టర్ అయిన మహిళగా రికార్డు జుడిత్ పోల్గర్‌ది. హంగరీ రాజధానిలోనే, హంగరీ క్రీడాకారిణి రికార్డును దాదాపు మూడు నెలల తేడాతో గుడివాడ పిల్ల తిరగరాసింది. 2008లో చైనా బాలిక హౌ యిఫాన్ దాన్ని దాటేవరకూ అది నిలిచింది.

ఈ రికార్డు హంపికి మేలెంత చేసిందో బరువూ అంతే మోపిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆ తర్వాత ఆమె ఏ టోర్నమెంటులో రెండో స్థానంలో నిలిచినా అది ఓటమిగానే వార్తయింది.

శిఖరం దగ్గర

2003లో ఆసియా మహిళల వ్యక్తిగత టైటిల్, జాతీయ మహిళల టైటిల్, అర్జున అవార్డు వచ్చాయి. 2005లో రష్యాలోని క్రాస్నోతురిన్స్క్‌లో ప్రపంచ అగ్రశ్రేణి క్రీడాకారిణులు పదిమంది ఆడిన నార్త్ యురల్స్ కప్ గెలిచింది. 2006 దోహా ఆసియా క్రీడల్లో రెండు స్వర్ణాలు: ఒకటి మహిళల వ్యక్తిగత విభాగంలో, రెండోది శశికిరణ్, హరికృష్ణలతో కలిసి మిశ్రమ జట్టు విభాగంలో. 2007లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో ఆమె రేటింగ్ 2606కు చేరింది. జుడిత్ పోల్గర్ తర్వాత 2600 దాటిన రెండో మహిళ హంపి. 2009 జూలైలో 2623కు ఎగబాకింది. ఆమె అత్యధిక రేటింగ్ అదే.

ఆమె ఆట తీరు ఈ అంకెలకు తగినట్టే ఉంటుంది. తెల్లపావులతో ఎక్కువగా మంత్రి ముందున్న బంటును కదిపి ఆట మొదలుపెడుతుంది. ఎదుటివారి రాజు మీదికి ఎగబడడం కన్నా, చిన్న ఆధిక్యాన్ని పట్టుకుని పావులు తగ్గేదాకా ఓపిగ్గా నొక్కడం ఆమె పద్ధతి. చూసేవాడికి విసుగు పుట్టొచ్చు, ఎదుట కూర్చున్నవారికి మాత్రం ఊపిరాడదు.

అందని కిరీటం

మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్ ఆ రోజుల్లో ఎక్కువగా నాకౌట్ పద్ధతిలో జరిగేది. 64 మంది, రెండేసి గేములు, సమమైతే టైబ్రేక్, ఓడితే ఇంటికి. హంపి 2004లో ఎలిస్టాలో, 2008లో నాల్చిక్‌లో, 2010లో అంతాక్యాలో సెమీఫైనల్ దాకా వెళ్లి ఆగిపోయింది. మొదటిసారి కొవలెవ్‌స్కయా ఆపింది, తక్కిన రెండుసార్లూ హౌ యిఫాన్. నెమ్మదిగా బిగించే ఆటకు రెండు గేముల పోరు సరిపడదు. ఒక్క పొరపాటును దిద్దుకోవడానికి వ్యవధి ఉండదు.

ఓపికకు విలువిచ్చే దారి ఇంకొకటి దొరికింది. గ్రాండ్ ప్రీ అంచెల్లో ప్రతి ఒక్కరూ అందరితోనూ ఆడాలి. 2009–11 వరుసలో హౌ యిఫాన్ మొదట, హంపి తర్వాత నిలిచారు. 2010 చివర్లో హౌ స్వయంగా ప్రపంచ చాంపియన్ కావడంతో ఆమెను సవాలు చేసే హక్కు రెండో స్థానానికి వచ్చింది. 2011 మొదట్లో దోహాలో జరిగిన చివరి అంచెలో అగ్రస్థానంలో నిలిచి హంపి దాన్ని దక్కించుకుంది. ఆ ఏడాది నవంబరులో అల్బేనియా రాజధాని టిరానాలో ఇద్దరూ పది గేముల మ్యాచ్‌కు కూర్చున్నారు. ఎనిమిదో గేముకే అయిపోయింది. హౌ మూడు గెలిచింది, ఐదు డ్రా అయ్యాయి, హంపి ఒక్కటీ గెలవలేదు. స్కోరు 5.5–2.5. ప్రపంచ క్లాసికల్ టైటిల్‌కు ఆమె అంత దగ్గరగా వెళ్లింది ఆ ఒక్కసారే.

2015లో సోచి నాకౌట్‌లో క్వార్టర్‌ఫైనల్ దగ్గర మరియా ముజిచుక్ చేతిలో ఓడింది. ఆ టైటిల్ ముజిచుక్‌దే అయింది.

తిరిగి బల్ల ముందుకు

2014లో పెళ్లి, 2017లో కూతురు పుట్టడం, దాదాపు రెండేళ్ల విరామం. 2018లో జార్జియాలోని బటూమిలో జరిగిన ఒలింపియాడ్‌తో మళ్లీ ఆడడం మొదలుపెట్టింది. ముప్పై దాటాక, తల్లి అయ్యాక మళ్లీ అగ్రశ్రేణికి రావడం చదరంగంలో తక్కువమందికే సాధ్యమైంది. 2019 సెప్టెంబరులో మాస్కో దగ్గరి స్కోల్కోవో గ్రాండ్ ప్రీ గెలిచింది. ఆ డిసెంబరులో మొనాకో అంచెలో మొదటి స్థానాన్ని మరో ఇద్దరితో పంచుకుంది.

ఆ నెలాఖరునే మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ పోటీ. గేముకు ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్ల చేర్పు. 12 రౌండ్లకు హంపి, చైనాకు చెందిన లెయ్ టింగ్జీ, టర్కీకి ఆడే ఎకతెరీనా అటాలిక్ ముగ్గురూ 9 పాయింట్ల దగ్గర ఆగారు. నిబంధన ప్రకారం సహాయక లెక్కలో ముందున్న ఇద్దరే టైబ్రేక్ ఆడాలి. అటాలిక్‌కు కాంస్యం ఇచ్చి పక్కన కూర్చోబెట్టారు. మొదటి బ్లిట్జ్ గేములో హంపి ఓడింది, రెండోది గెలిచింది. మిగిలింది ఆర్మగెడాన్. అందులో తెల్లపావులవారికి ఎక్కువ సమయమిస్తారు, ఆట డ్రా అయితే మాత్రం నల్లపావులవారే గెలిచినట్టు. అదీ దాటుకుని టైటిల్ హంపి చేతికి వచ్చింది. నెమ్మది ఆటకు పేరుపడ్డ క్రీడాకారిణికి పెద్దల పోటీల్లో మొదటి ప్రపంచ కిరీటం వేగపు ఆటలో దొరికింది.

2020 ఫిబ్రవరిలో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో కెయిర్న్స్ కప్ గెలిచింది. అప్పటి ప్రపంచ చాంపియన్ జు వెన్‌జున్ అర పాయింటు వెనక ఉండిపోయింది. ఆ ఆగస్టులో ఆన్‌లైన్ ఒలింపియాడ్ సెమీఫైనల్లో పోలండ్‌తో పోరు సమమై ఒక్క ఆర్మగెడాన్ మీదికి వచ్చినప్పుడు జట్టు పంపింది హంపినే. ఆమె మోనికా సొచ్కోను ఓడించింది. ఫైనల్లో రష్యాతో స్వర్ణం పంచుకున్నారు. 2022లో చెన్నై ఒలింపియాడ్‌లో మహిళల జట్టుకు కాంస్యం దక్కింది. ఆ డిసెంబరులో అల్మాటీలో ప్రపంచ బ్లిట్జ్ రజతం, మరుసటి ఏడాది సమర్‌కండ్‌లో టైబ్రేక్‌లో బోద్నారుక్‌కు ఓడి ర్యాపిడ్ రజతం వచ్చాయి.

2024 ఆమెకు వింత సంవత్సరం. ప్రపంచ చాంపియన్‌ను సవాలు చేసేవారిని తేల్చే క్యాండిడేట్స్ పోటీ టొరంటోలో జరిగింది. అందులో మొదటి సగమంతా వెనకబడి, రెండో సగంలో పుంజుకుని 14 గేముల్లో 7.5 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచింది. గెలిచిన తాన్ ఝోంగి 9 పాయింట్లు తెచ్చుకుంది. సెప్టెంబరులో ఒలింపియాడ్‌కు హంపి దూరంగా ఉంది. భారత మహిళల జట్టు మొదటిసారి ఒలింపియాడ్ స్వర్ణం గెలిచింది అప్పుడే, అదీ బుడాపెస్ట్‌లో. తను గ్రాండ్‌మాస్టర్ అయిన ఊళ్లో సొంత జట్టు గెలిచిన స్వర్ణంలో ఆమెకు వాటా లేకపోయింది. డిసెంబరులో న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ మొదటి రౌండే ఓడింది. మిగిలిన పది రౌండ్లలో 8.5 పాయింట్లు కూడబెట్టింది. చివరి రౌండులో నల్లపావులతో ఇండోనేషియాకు చెందిన ఇరీన్ సుకందర్‌ను ఓడించడంతో అర పాయింటు తేడాతో ఒంటరిగా అగ్రస్థానం. ర్యాపిడ్ టైటిల్‌ను ఒకటికన్నా ఎక్కువసార్లు గెలిచిన మహిళ అప్పటికి జు వెన్‌జున్ ఒక్కతే.

బటూమి, దోహా

2025 ఏప్రిల్‌లో పుణే గ్రాండ్ ప్రీలో జు జినెర్‌తో సమానంగా నిలిచి, ఈసారి టైబ్రేక్ లెక్క తనవైపు తిరగడంతో మొదటి స్థానం అందుకుంది. జూలైలో మహిళల ప్రపంచ కప్ మళ్లీ బటూమిలోనే జరిగింది. సెమీఫైనల్లో ఎదురైంది లెయ్ టింగ్జీ. క్లాసికల్ గేములు తేలలేదు, తొలి ర్యాపిడ్ జత తేలలేదు. తర్వాతి జతలో మొదటిది ఓడి రెండోది గెలిచి హంపి నిలబడింది. బ్లిట్జ్‌లో రెండూ గెలిచి 5–3తో ఫైనల్ చేరింది. అక్కడ ఎదుట కూర్చున్నది నాగపూర్ అమ్మాయి దివ్య దేశ్‌ముఖ్. ఒకరికి 38, ఒకరికి 19. హంపి గ్రాండ్‌మాస్టర్ అయ్యేనాటికి దివ్య పుట్టనే లేదు. రెండు క్లాసికల్ గేములూ, మొదటి ర్యాపిడ్ గేమూ డ్రా. రెండో ర్యాపిడ్‌లో తెల్లపావులతో ఆడుతూ, గడియారం తరుముతుంటే హంపి తప్పు ఎత్తు వేసింది. కప్పుతోపాటు గ్రాండ్‌మాస్టర్ హోదా కూడా దివ్యకు అందింది.

డిసెంబరులో ప్రపంచ ర్యాపిడ్ దోహాలో జరిగింది. 11 రౌండ్లకు రష్యా క్రీడాకారిణి గోర్యాచ్‌కినా, జు జినెర్, హంపి ముగ్గురూ 8.5 పాయింట్ల దగ్గర ఆగారు. టైబ్రేక్ ఆడడానికి మళ్లీ ఇద్దరినే పిలిచారు. మాస్కోలో అటాలిక్ కూర్చున్న చోట ఈసారి హంపి కూర్చుంది. టైటిల్ గోర్యాచ్‌కినాకు వెళ్లింది, హంపికి కాంస్యం.