ఖాళీ లేని ప్రయోగశాల

డాక్టరేటు పొందిన యువశాస్త్రజ్ఞుడు తరువాత ఏ పని చేయునో అతని కోరికకంటె, ఎక్కడ ఖాళీ ఉన్నదనే సంగతియే తరచు నిర్ణయించును. ఆరన్ క్లూగ్ విషయములో ఇది డాక్టరేటుకు ముందే మొదలైనది.

1926లో లిథువేనియాలో పుట్టిన క్లూగ్ రెండేండ్ల వయసులో దక్షిణాఫ్రికా చేరినాడు. కేప్ టౌన్‌లో ఆర్. డబ్ల్యు. జేమ్స్ వద్ద ఎక్స్-కిరణ స్ఫటికశాస్త్రము నేర్చి 1949లో కేంబ్రిడ్జి వచ్చినాడు. పెరూట్జ్, కెండ్రూల బృందములో చేరి ప్రోటీనుల నిర్మాణమును పరిశోధింపవలెనని అతని ఆశ. అక్కడ ఖాళీ లేదు. చివరకు దొరికినది, వేడి ఉక్కు చల్లారునప్పుడు లోపల కలుగు మార్పులను లెక్కించే పని. ప్రోటీను ఎక్కడ, ఉక్కు ఎక్కడ! అయినను హార్ట్రీ వద్ద చేసిన ఈ పనివలన అతనికి గణన పద్ధతులు బాగుగా అలవడినవి.

1953లో డాక్టరేటు వచ్చినది. ఆ సంవత్సరాంతమున నఫీల్డ్ పరిశోధక వేతనముతో లండనులోని బర్క్‌బెక్ కాలేజీలో బెర్నాల్ శాఖకు చేరినాడు. అక్కడను మొదటి పని వేరే. కాని రోజలిండ్ ఫ్రాంక్లిన్ తీసిన పొగాకు మొజాయిక్ వైరస్ ఎక్స్-కిరణ చిత్రములు కంటబడిన తరువాత అతడు ఆ వైపునకే మరలినాడు. ఆమె చిత్రములు తీయుటలో దిట్ట. అతడు వాని గణితము విప్పుటలో దిట్ట. 1958లో ఆమె 37వ ఏట మరణించగా పని అతనిపై పడినది. 1962లో క్లూగ్ మరల కేంబ్రిడ్జి చేరినాడు. కొత్తగా కట్టిన ఆ అణుజీవశాస్త్ర ప్రయోగశాలకు అధ్యక్షుడు పెరూట్జే!

అప్పటి చిక్కు ఇది. వెదురుబుట్టను దీపమునకెదురుగా పట్టినచో ముందు అల్లిక నీడ, వెనుక అల్లిక నీడ ఒకదానిపై నొకటి పడి కలిసిపోవును. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రమును అట్టి నీడయే. లోతు తెలియదు. అమెరికానుండి డాక్టరేటు ముగించి వచ్చిన డేవిడ్ డిరోజియర్‌తో కలిసి క్లూగ్ 1968లో దీనికి మార్గము చూపినాడు. ఫూరియే గణితము ప్రకారము ప్రతి నీడనుండి వస్తువుయొక్క పూర్తి త్రిపరిమాణ లెక్కలో ఒక పొర లభించును. వేర్వేరు దిక్కుల నీడలనుండి తగినన్ని పొరలు కూర్చి, లెక్కను వెనుకకు నడిపినచో అసలు ఆకారము వచ్చును. వారు ఎన్నుకొన్నది టి4 అను బాక్టీరియా వైరస్ తోక. దానిలో ఒకే రకపు భాగములు మెలిమెట్లవలె అమరియుండుటచే, ఒక్క చిత్రములోనే అవి అనేక కోణములనుండి కనబడును. ఎన్నిక ఎంత తెలివైనదో గమనింపుడు. ఆ లెక్కంతయు గణనయంత్రము చేసినది.

శరీరపు లోపలి పొరలను చూపు సి.టి. స్కానునకు మూలమైన గణిత సమస్యయు ఇట్టిదే. దానిని సాధించి 1979లో నోబెల్ బహుమానము పంచుకొన్న కార్మాక్ కూడ కేప్ టౌన్ విశ్వవిద్యాలయములో చదివినవాడే. క్లూగ్‌కు 1982లో రసాయనశాస్త్ర బహుమానము లభించినది. అతిశీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికిగాను 2017లో ఆ బహుమానము పంచుకొన్న ముగ్గురిలో రిచర్డ్ హెండర్సన్ ఆ కేంబ్రిడ్జి ప్రయోగశాలవాడే.