గొట్టం వంచే చేతి యంత్రం: తడ ప్రాంత వృత్తి పదజాల చరిత్రకు ఒక ప్రవేశిక

లోహపు గొట్టాన్ని వంచినప్పుడు వంపు వెలుపలి గోడ సాగి పలుచబడుతుంది. లోపలి గోడ నొక్కుకొని ముడతలు పడుతుంది. దీనిని నివారించడానికి పూర్వం గొట్టంలో ఎండు ఇసుక దట్టించి, కొనలు బిగించి, కొలిమిలో ఎర్రగా కాల్చి వంచేవారు. ఇసుకలో తడి మిగిలితే ఆవిరి ఒత్తిడికి గొట్టం పేలే ముప్పు ఉండేది.

1795లో జోసెఫ్ బ్రామా పేటెంటు పొందిన ద్రవపీడన యంత్రపు సూత్రమే నూనెతో పనిచేసే చేతి పైప్ బెండర్‌కు ఆధారం. పిడిని ఆడించేకొద్దీ నూనె ఒత్తిడికి పిస్టన్ కదులుతుంది. దాని కొనన ఉన్న గాడి అచ్చు, రెండు రోలర్ల మధ్య గొట్టాన్ని నెట్టి వంచుతుంది. నిప్పు, ఇసుక తప్పాయి గాని నైపుణ్యం తప్పలేదు. ఒత్తిడి వదలగానే గొట్టం కొంత వెనక్కి విచ్చుకుంటుంది. ఎంత అదనంగా వంచాలన్నది పనివాని చేతికే తెలియాలి.

2008లో ప్రారంభమైన శ్రీసిటీ పారిశ్రామిక వాడ తడకు సమీపంలో ఉంది. కనుక పులికాట్ తీరపు వృత్తి చరిత్రను చేపల వేటకే పరిమితం చేయడం సరికాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వెలువడ్డాయి. లోహపు గొట్టాల పనికీ అటువంటి క్షేత్ర సేకరణ అవసరం. 'నాళ వక్రీకరణి' అని పాఠ్యగ్రంథంలో రాయవచ్చు. పనివారి వాడుక మాత్రం 'పైప్ బెండర్'. తమిళనాడు సరిహద్దున ఉన్న తడలో అచ్చుకు, పిడికి, వెనక్కి విచ్చుకునే ఆ గుణానికి ఏ మాటలు వాడుతున్నారో, ఇసుక దట్టించి వంచిన తరం ఉండగానే నమోదు చేయాలి.