హాలె పట్టణమున మన తెలుగక్షరములు



నేను కోయిలకుంట్లవాడను. నల్లరేగడి నేలను, జొన్నచేలను, కుందేటి నీటిని ఎరిగినవాడనే గాని దేశాటనము చేసినవాడను గాను. అట్టి నేను జర్మనీ దేశమునకు ఏల పోవలసివచ్చెనో, అచ్చట నేమి చూచితినో విన్నవించుటకే ఈ ప్రసంగము.

నా చిన్ననాట మా యింటి అటుకమీద తాటాకు కట్టలు రెండు ఉండెడివి. మా తాతగారు గతించిన పిదప, వానిని చదువగలవారు ఇంట లేరని, పసుపుగుడ్డలో చుట్టి కుందేటిలో విడిచితిమి. నేనే స్వయముగా నీళ్లలోనికి దిగి విడిచితిని. పెద్దల ఆచారమును నెరవేర్చితిమని అనుకొంటిమి. వానిలో వైద్యము కలదో, పద్యము కలదో, మా పొలముల లెక్క కలదో నేటికిని ఎరుగను.

చాలయేండ్లకు ఒక చరిత్ర గ్రంథమున, మనకు తెలిసినంతలో తెలుగు లిపిలో తొలుత అచ్చైన పుస్తకములు జర్మనీలోని హాలె పట్టణమున అచ్చైనవని చదివితిని. మన అక్షరములను అంత దూరమున ఎవరు పోతపోసిరి, ఏల పోసిరి అను సందేహము నన్ను విడువలేదు. అదియే నా ప్రయాణమునకు కారణము.

మొదట రైను నది యొడ్డుననున్న మైంజ్ నగరమునకు పోయితిని. అది గూటెన్‌బర్గు పుట్టిన ఊరు. ఒక్కొక్క అక్షరమును లోహముతో విడివిడిగా పోసి, కూర్చి, అచ్చొత్తి, మరల విడదీసి వేరొక పుటకు వాడుకొను విద్యను ఐరోపాలో స్థిరపరచినవాడు ఆయనయే. 1455 ప్రాంతమున ఆయన ముద్రించిన బైబిలు ప్రతులను అచ్చటి ప్రదర్శనశాలలో చూచితిని. వారి భాషకు కొలది అక్షరములు చాలును. మనకో, గుణింతములును వత్తులును కలిసి వందలకొలది అచ్చులు కావలెను. తెలుగును తొలుత అచ్చొత్తినవాని శ్రమ ఎట్టిదో అచ్చటనే నాకు బోధపడెను.

మైంజునుండి రైలులో తూర్పునకు పోయి లైప్‌జిగ్ నగరము చేరితిని. అది శతాబ్దములుగా పుస్తక వ్యాపారమునకు పేరుపొందినది. 1912లో స్థాపించిన అచ్చటి గ్రంథాలయము, 1913నుండి జర్మను భాషలో వెలువడిన ప్రతి పుస్తకమును సేకరించుటకు పూనుకొన్నది. మంచిదని, చెడ్డదని ఎంచక, అచ్చైన దానినెల్ల దాచుటయే వారి నియమము.

అచ్చటినుండి హాలె పట్టణము సుమారు పది క్రోసుల దూరము. ఆ పట్టణపు చుట్టుప్రక్కల నేలను చూచి ఆశ్చర్యపడితిని. అదియు నల్లనేలయే! పడమటనున్న హార్జ్ కొండలు మేఘముల నడ్డుటచే అచ్చట ఏడాదికి సుమారు 20 అంగుళముల వానయే కురియును. మనకు పడమటి కనుమలు చేయు అపకారమే వారికి హార్జ్ కొండలు చేయుచున్నవి. మన సీమలో అంతకంటె ఎక్కువ వానయే పడును. ఐనను అచ్చట గోధుమయు, చక్కెర దుంపయు దండిగా పండును. చలిదేశమగుటచే నీరు త్వరగా ఆవిరి కాదు. వాన ఏడాది పొడుగున కొంచెము కొంచెముగా పడును. ఆ దుంపలో చక్కెర కలదని 1747లో మార్గ్రాఫ్ అను పండితుడు కనుగొని వ్రాసిపెట్టెను. అర్ధశతాబ్దము గడచిన పిదప ఆయన శిష్యుడు అషార్ దానినిబట్టి చక్కెర తీయు కర్మాగారమును నెలకొల్పెను. వ్రాసిపెట్టిన మాట అంతకాలము కాచుకొనియుండి పనికివచ్చినది.

హాలె పట్టణము సాలె నది యొడ్డున కలదు. పూర్వము ఉప్పు పండించి బ్రదికిన ఊరు. అచ్చట 1698లో ఫ్రాంకె అను నాతడు అనాథ బాలుర కొరకు పెద్ద భవనమును కట్టింప నారంభించెను. దానితోపాటు పాఠశాలలు, గ్రంథాలయము, ముద్రణాలయము వెలసినవి. అచ్చటినుండి వచ్చిన మతబోధకులలో బెంజమిన్ షుల్జ్ ఒకడు. ఆతడు 1719లో తరంగంబాడి చేరి, 1726లో చెన్నపట్నమునకు వచ్చి, తెలుగు నేర్చెను. 1728లో లాటిను భాషలో తెలుగు వ్యాకరణమును వ్రాసెను. 1743లో స్వదేశమునకు మరలి, 1746, 1747 సంవత్సరములలో హాలెలో తెలుగు అచ్చులతో చిన్న పుస్తకములు ముద్రింపించెను. అవి తన మతమును బోధించుటకు వ్రాసినవే. ఐనను అక్షరములు మనవి. ఆతని వ్యాకరణము మాత్రము వ్రాతప్రతిగానే నిలిచి, 1984లో అచ్చైనది. మన దేశమున కేరీ తెలుగు వ్యాకరణము 1814లోను, క్యాంబెల్ వ్యాకరణము 1816లోను వెలువడినవి.

అచ్చటి గ్రంథభాండాగారమున ఒక పెద్దమ్మ నన్ను చేతులు కడుగుకొనుమని చెప్పి, మెత్తమీద ఒక చిన్న పుస్తకమును ఉంచెను. అక్షరముల తీరు నేటి అచ్చువలె లేదు. కూడబలుకుకొని చదువుచుండగా నా కన్నులు చెమర్చినవి. ఆమె మెల్లగా ఆంగ్లమున, "మీ ఊరిలో ఇట్టి పాత గ్రంథములు ఎన్ని కలవు?" అని అడిగెను. నేను బదులు చెప్పలేకపోయితిని. కుందేటి నీటిపై తేలిపోవుచున్న పసుపుగుడ్డయే నా కన్నులకు కట్టెను.

వారు మనకంటె ఉత్తములని నేననను. తూర్పు జర్మనీ ప్రభుత్వకాలమున ఆ భవనములే పాడువడినవట. 1990లో దేశము ఒకటైన పిదప వానిని బాగుచేసికొనిరి. పోగొట్టుకొనబోవుదానిని సకాలమున గుర్తించుటయే వారు చేసిన పని.

మన ఊరి సంగతియే చూడుడు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారు 1846లో కుంఫిణీవారి నెదిరించిరి. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలోనే వారిని ఉరితీసిరి. ఆయన శౌర్యము మన పాటలలో నిలిచినది. తేదీలును, లెక్కలును ఉరితీసినవారి కాగితములలో నిలిచినవి. మన కరణముల కవిలెకట్టలు నిలిచియున్నచో, మన మాటగా మరికొంత తెలిసియుండునేమో!

కావున పెద్దలకు నా మనవి యొక్కటియే. మీ అటుకలమీద తాటాకులున్నను, పాత దస్తావేజులున్నను ఏటిపాలు చేయకుడు. చదువురాకున్నను దాచుడు. పొడిగుడ్డలో చుట్టి, చెమ్మ తగులనిచోట ఉంచి, ఎవరివో, ఏ ఊరివో ఒక చీటి వ్రాసిపెట్టుడు. కడపలో బ్రౌను పేర భాషాపరిశోధన కేంద్రము కలదు. తిరుపతిలో ప్రాచ్యపరిశోధన సంస్థ కలదు. చదువగలవారికి చూపుడు. చదువువాడు నేడు రాకున్న రేపు వచ్చును. నేను విడిచిన కట్టలు మాత్రము మరల రావు.