మంటను ఎదిరించు విద్య

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లని మనవారు సామెత చెప్పుదురు. నగరములు అగ్నిప్రమాదముల నెదుర్కొనిన తీరు చిరకాలము ఈ సామెతకు తగినట్లే యుండెను. మంట లేచిన పిదప నీరెక్కడ, నిచ్చెన యెక్కడ, మనుష్యులెక్కడ అని వెదకుకొనుటయే గాని, ముందుగా సన్నద్ధమై యుండుట అరుదు. ఆ సన్నాహమును క్రమమైన విద్యగా తీర్చినవారిలో స్కాట్లండు దేశీయుడు జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ ముఖ్యుడు.

1666లో లండను మహాగ్ని తరువాత అచ్చట బీమా వ్యాపారము తల యెత్తెను. బీమా కంపెనీలు తమ తమ దళములను పోషించుకొనుచు, బీమా చేసిన యిండ్ల గోడలకు తమ గుర్తుగల లోహపు బిళ్ళలను తాపించెడివి. ఈ దళములు పుట్టినది కంపెనీల ధనరక్షణకు. ప్రజల ప్రాణరక్షణ వానికి ప్రథమ ధర్మము కాదు.

1824లో ఎడింబరో నగరము ఒక అగ్నిమాపక దళమును స్థాపించి, 24 ఏండ్ల బ్రెయిడ్‌వుడ్‌ను దానికి అధిపతిగా నియమించెను. ఆయన సర్వేయరు పని నేర్చినవాడు. దళమునకు తగిన తర్ఫీదు కలుగకమునుపే, ఆ నవంబరు నెలలో ఘోరాగ్ని చెలరేగి పాతనగరములో ఒక భాగమును దహించెను. అధికారము గలవారందఱును తలకొక ఆజ్ఞ జారీచేయగా, దళమునకు ఎవరి మాట వినవలయునో తెలియలేదు. అగ్నిస్థలమున ఆజ్ఞ ఒక్కరిదే కావలెనను నీతిని ఆ నగరము అంత మూల్యమిచ్చి నేర్చుకొనెను.

బ్రెయిడ్‌వుడ్ తన మనుష్యులను వడ్రంగులు, తాపీపనివారు, ఇండ్ల పైకప్పులు వేయువారు మొదలగు పనివారిలోనుండి ఎన్నుకొనెను. ఇల్లు కట్టువానికే ఇల్లు ఎట్లు కూలునో తెలియునని ఆయన భావము. తెల్లవారకమునుపే, వీధులు నిర్మానుష్యముగా ఉన్నవేళ, చీకటిలో వారికి తర్ఫీదు నిచ్చెడివాడు. అంతకుముందు వీధిలో నిలిచి కిటికీలోనికి నీరు చిమ్ముటయే అలవాటు. ఆ నీటిలో చాల భాగము మంట మూలమును చేరకయే వ్యర్థమగును. లోనికి ప్రవేశించి, అగ్ని మూలము కనుగొని, దానిమీదనే నీరు కొట్టవలెనని ఆయన బోధించెను. పొగ పైకి లేచును గనుక నేల సమీపమున గాలి కొంత స్వచ్ఛముగా ఉండును. కావున మోకాళ్ళపై ప్రాకుచు పోవలెను. ఎవడును ఒంటరిగా పోరాదు. ఒకడు సొమ్మసిల్లినచో రెండవవాడు వానిని వెలుపలికి తేవలెను. ఇట్టి విధానములను వివరించుచు 1830లో ఆయన ఒక గ్రంథము ప్రకటించెను.

1833లో లండను బీమా కంపెనీలు తమ దళములను కలిపి, 80 మందితో ఏర్పరచిన సంస్థకు ఆయనను నాయకునిగా రప్పించుకొనినవి. అచ్చట ఆయన నావికులను విశేషముగా చేర్చుకొనెను. రేయనక పగలనక పిలిచిన తక్షణమే లేచుట, ఎత్తులెక్కుట, ఆజ్ఞకు లోబడుట వారికి అలవాటు గదా! 1834లో పార్లమెంటు భవనములు తగులబడినప్పుడు పురాతనమైన వెస్ట్‌మిన్‌స్టర్ హాలు దక్కినది. భవనములను గూర్చి కూడ బ్రెయిడ్‌వుడ్ హెచ్చరించుచునే వచ్చెను. పోత ఇనుప స్తంభములు వేడికి బలము కోల్పోవుననియు, అట్టి కట్టడములు అగ్నికి అభేద్యములను నమ్మకము ప్రమాదకరమనియు 1849లో ఇంజనీర్ల సభకు విన్నవించెను.

1861 జూన్ 22వ తేదీ సాయంకాలమున థేమ్స్ నదీతీరమున టూలీ వీధి గిడ్డంగులలో నిప్పు పుట్టెను. ప్రత్తి, జనపనార, పశువుల క్రొవ్వు, చక్కెర, సురేకారము అందు నిండియుండెను. మంట వ్యాపింపకుండ అమర్చిన ఇనుప తలుపులు తెరచియే యుండెను. ఆటు సమయమగుటచే నదిలో నీరు తగ్గియుండెను. బ్రెయిడ్‌వుడ్ అలసిన తన మనుష్యుల యొద్దకు పోయి, వారికి బ్రాందీ పంచి ధైర్యము చెప్పుచుండగా గిడ్డంగి గోడ కూలి ఆయనను కప్పివైచెను. దేహము దొరకుటకు రెండు దినములు పట్టెను. మంటలు రెండు వారములవరకు పూర్తిగా చల్లారలేదు. అంత్యయాత్ర ఇంచుమించు ఒకటిన్నర మైలు పొడవున సాగెను.

తన మనుష్యులకు జాగ్రత్త నేర్పినవాడే గోడక్రింద పడుట విధివైపరీత్యముగా తోచవచ్చును. కాని అతని విద్య అచ్చట విఫలమైనదనుట సరికాదు. సరకులు కలగలుపుగా నింపినవారు, తలుపులు మూయనివారు వేరు. ఆ లోపమునకు ప్రాణము లిచ్చినవారు వేరు. నష్టభారమునకు బెదరిన బీమా కంపెనీలు ఈ బాధ్యతను ప్రభుత్వమే స్వీకరింపవలెనని కోరినవి. తత్ఫలితముగా 1865లో చట్టము వచ్చి, 1866 జనవరి 1 నుండి లండను అగ్నిమాపక దళము ప్రజాసేవాసంస్థ ఆయెను. గోడమీద బిళ్ళ యున్నను లేకున్నను, కాలుచున్న ప్రతి ఇల్లును దానికి సమానమే.

టూలీ వీధి నేర్పిన పాఠమును మన దేశము బొంబాయి రేవులో అంతకంటె దారుణముగా చవిచూచెను. 1944 ఏప్రిల్ 14న ఫోర్ట్ స్టికిన్ అను ఓడలో నిప్పంటుకొనెను. ఆ ఓడలో ప్రత్తి బేళ్ళును, పేలుడు పదార్థములును కలసియుండెను. మంట నార్పుచుండగా ఓడ ప్రేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది అసువులు బాసిరి. వారి స్మృతికై ఏటేటా ఏప్రిల్ 14ను అగ్నిమాపక సేవా దినముగా పాటించుచున్నాము.

అగ్నిమాపకుని క్షేమము అతని ధైర్యముమీదను, శిక్షణమీదను మాత్రమే ఆధారపడియుండదు. గిడ్డంగిలో ఏమి నింపితిమో, మెట్లదారిని ఏ సామానుతో మూసితిమో, ఏ తలుపును తెరచియుంచితిమో, అదంతయు అతడు రాకమునుపే మనము నిర్ణయించి యుందుము. ఆ నిర్ణయములలోనికే అతడు పొగలో ప్రాకుచు ప్రవేశించును.