బొబ్బిలి యుద్ధం: రాతలు, పాటలు

బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న జరిగింది. ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజు ఒకవైపు. బొబ్బిలి దొర రంగారావు మరోవైపు. కోట ఒక్క రోజులో పడిపోయింది. ఆ రోజు ఏం జరిగిందన్న తగవు మాత్రం ఇంకా తెగలేదు.

చాలాకాలం ప్రామాణికంగా చెల్లినది ఇంగ్లీషువాడు రాబర్ట్ ఓర్మ్ రాత. కానీ యుద్ధం నాటికి ఆయన మద్రాసులో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్నాడు, బొబ్బిలిని చూడలేదు. ఈ ఘట్టమున్న సంపుటం 1778లో, అంటే 21 ఏళ్ల తరువాత, అచ్చయింది. అంటే అదీ విన్న కథే.

అయినా అందులో ఒక చోట కళ్లకు కట్టే వివరం ఉంది. కోట పడ్డాక రంగారావు సైనికులు నలుగురు రాత్రివేళ గోడ దిగి అడవిలో దాక్కున్నారు. వాళ్లలో ఇద్దరు శత్రు శిబిరంలోకి ఎలా చొరబడ్డారు? అడ్డుకున్నవాళ్లతో వాళ్ల భాషలోనే మాట్లాడారు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. డేరా వెనక నుంచి నేలమీద పాకి లోపలికి దూరి విజయరామరాజును పొడిచారు. ఒంటిమీద 32 పోట్లని ఓర్మ్ లెక్క.

విజయరామరాజును చంపాడని తెలుగువాళ్లు చెప్పుకునే తాండ్ర పాపారాయుడి పేరు మాత్రం అక్కడ లేదు. ఆ పేరును నిలబెట్టింది తెలుగు కథకులు. జంగం కథలో పాపారాయుడు రాజాం నుంచి ఆలస్యంగా వచ్చి, చెల్లెలు, రంగారావు భార్య మల్లమ్మదేవి ఇక లేదని తెలుసుకుని పగ తీర్చుకుంటాడు. 18వ శతాబ్దం చివర దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్రము’ రాశాడు. తరువాత బొబ్బిలి మహారాజా స్వయంగా తమ సంస్థాన చరిత్రను ఇంగ్లీషులో అచ్చువేయించారు. అది వారసుడి రాత, ఆ ఎరుకతోనే చదవాలి. విజయనగరం వైపు వాదాన్నీ అంతే శ్రద్ధగా వినాలి. కాలువల నీటి మళ్లింపు మీద పొరుగు దొరలకున్న పాత కక్షను ఓర్మ్ కూడా చెప్పాడు.

2001లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం ‘టెక్స్చర్స్ ఆఫ్ టైమ్’లో ఈ కథలను చరిత్ర రచనలుగానే పరిశీలించారు. ఏది జరిగినది, ఏది కల్పన అన్నది ఆ భాషవాళ్లకు కథనపు తీరులోనే తెలిసేదని వారి వాదం. తంబుర, గుమ్మెటల మధ్య చెప్పినంత మాత్రాన సాక్ష్యాన్ని తోసిపుచ్చడం అన్యాయమే.

పెరూలో ఇంకాల చరిత్రదీ ఇలాంటి చిక్కే. తాళ్లకు వేసిన ముడుల్లో వాళ్లు దాచుకున్న లెక్కలు ఒకవైపు, గెలిచిన స్పానిష్‌వాళ్ల రాతలు మరోవైపు. ఇంకాల రాజవంశపు తల్లికి పుట్టిన గార్సిలాసో కూడా తన 1609 నాటి గ్రంథాన్ని స్పానిష్‌లోనే రాశాడు.

బొబ్బిలి కోటలో ఆడవాళ్లను శత్రువుల చేత చిక్కనివ్వకుండా వాళ్ల మగవాళ్లే చంపారని ఓర్మ్ రాశాడు. తెలుగు కథలూ ఆ చావుల్ని మరువలేదు. ఆ ఆడవాళ్ల మాటగా ఒక్క కాగితమూ మిగల్లేదు. మిగిలింది రంగారావు కొడుకు. ఒక ముసలివాడు ఆ పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, తండ్రి ఇష్టానికి విరుద్ధంగా కాపాడానని ఫ్రెంచి అధికారికి అప్పగించాడు.